పంపిన కథలన్నీ తిరిగొస్తున్నాయి, ఇక ఆపేయాలా?

సగంకథ
పంపిన కథలు పంపినట్టే తిరిగొస్తున్నాయి. కొన్నింటికి "ప్రచురణకు స్వీకరించలేకపోతున్నాం" అని ఒక్క ముక్క వస్తుంది, ఎక్కువ వాటికి ఆ ముక్క కూడా రాదు. ఎందుకు నచ్చలేదో చెబితే దిద్దుకుంటాం కదా, అదీ చెప్పరు. ఇంట్లో అడిగితే బాగుందంటారు. ఫ్రెండ్సయితే చదివారో లేదో గానీ చప్పట్ల బొమ్మ మాత్రం పెడతారు. ఈమధ్య ఫైలు తెరవాలన్నా చేతులు రావట్లేదు. తెరిచినా మొదటి పేరా చదివి, రెండు మాటలు మార్చి, మూసేస్తున్నా. నాకు రాయడం రాదని తేలిపోయినట్టేనా? మొహమాటం లేకుండా చెప్పండి. ఆపేయమంటే ఆపేస్తా.

కాకిగీతలు
ఒకళ్లు ఆపమంటే ఆగిపోయేదైతే ఇక్కడిదాకా వచ్చి అడగవు. రాస్తూ ఉండు తమ్ముడూ.

సగంకథ
చెల్లిని అండీ.

కాకిగీతలు
రాస్తూ ఉండు చెల్లీ. సలహా మారదు.

ప్రూఫుల పంతులు
కథ తిరిగి రావడంలో మీ గురించి ఎంత సమాచారం ఉందో ముందు చూసుకోండి. దాదాపు సున్నా. ఒక సంచికలో కథకి దొరికే చోటు ఒకటో రెండో. వచ్చేవి దానికి ఎన్నో రెట్లు. మొదటి వడపోతలో చదివే మనిషి పేజీ, మహా అయితే పేజీన్నర చూస్తాడు. పక్కన పెట్టడానికి కారణాలు చాలా ఉంటాయి. పదాల పరిమితి దాటి ఉండొచ్చు. అదే వస్తువు మీద ఇంకో కథ ఇప్పటికే తీసుకుని ఉండొచ్చు. ప్రత్యేక సంచికకి ఆలస్యంగా చేరి ఉండొచ్చు, అవి నెలల ముందే నిండిపోతాయి. ఫైలు తెరిస్తే అక్షరాలు విరిగిపోయి ఉండొచ్చు. కథ మీ సొంతమేనని రాసిచ్చే హామీపత్రం లేకపోవచ్చు. ఇవేవీ కథ బాగోగులకి సంబంధించినవి కావు. ఇవన్నీ దాటాక అసలుది: మొదటి పేజీలో ఏమీ జరగకపోవడం.

ఎందుకు చెప్పరంటారా? ఒక్కో కథకి కారణం రాయాలంటే అరగంట. రాస్తే అటునుంచి వాదన మొదలు. అందుకే అందరికీ ఒకటే వాక్యం తయారుగా పెట్టుకుంటారు. కానీ సంపాదకుడెవరైనా "ముగింపు కుదరలేదు, ఇంకోటి పంపండి" అని సొంతంగా ఒక్క లైను రాస్తే దాన్ని దాచుకోండి. అది మర్యాదకి రాసింది కాదు. నిజంగానే పంపమని.

అరసున్న
పంతులుగారూ, ఇది మరీ చక్కెర పూసిన మాట. చాలా కథలు కథ బాగోకే తిరిగొస్తాయి. కథ బాగుంటే ఫైలు విరిగినా మళ్లీ పంపమని అడుగుతారు. ఆ అమ్మాయి మొహమాటం వద్దంది కదా.

ప్రూఫుల పంతులు
విరిగిన ఫైలు చదవగలిగితేగా బాగుందో లేదో తెలిసేది.

అరసున్న
సరే, అదొక్కటి ఒప్పుకుంటా. మిగతాది ఒప్పుకోను.

కొత్తపేజీ
ఎంతెంత గొప్పవాళ్లకో డజన్ల కొద్దీ తిరిగొచ్చాయి. వాళ్లు ఆగిపోయారా? ధైర్యంగా ఉండండి!!

నాలుగోచిత్తు
కొత్తపేజీ గారూ, ఆ జాబితాలతో చిక్కేంటంటే, తిరిగొచ్చీ తిరిగొచ్చీ చివరికి అచ్చుకాని వాళ్ల జాబితా ఎవరూ వెయ్యరు. ఓదార్పుకి సరే, రేపు పొద్దున కూర్చుని ఏం చెయ్యాలో అందులో ఉండదు.

ఉదాహరణే కావాలంటే రష్యన్ కథకుడు చెహోవ్‌ది చూడండి. 1886లో గ్రిగొరోవిచ్ అనే పెద్ద రచయిత ఆయనకి ఉత్తరం రాశాడు. నీకు నిజమైన ప్రతిభ ఉంది, ఈ హడావుడి రాతలు మాని తీరిగ్గా రాయి అని. చెహోవ్ అప్పటికి వైద్యం చేస్తూ, హాస్యపత్రికలకి మారుపేరుతో చిన్న చిన్నవి రాసిపడేస్తున్నాడు. ఏ కథ మీదా ఒక రోజుకి మించి కూర్చున్న గుర్తు లేదని జవాబిచ్చాడు. రెండేళ్లు తిరిగేసరికి ఏడాదికి రాసే కథల సంఖ్య బాగా పడిపోయింది, కథ పొడవు పెరిగింది. ఆ ఉత్తరంలో మెచ్చుకోలుతో పాటు పని కూడా ఉంది, అందుకే పనిచేసింది. "నువ్వు గొప్పదానివి, ఆపొద్దు" అని మనం వంద పోస్టులు పెట్టినా ఈ అమ్మాయి మళ్లీ మొదటి పేరా దగ్గరే ఆగుతుంది.

నిశాచరి
అంటే తీరిగ్గా రాయాలా? రోజూ రాయమని అందరూ చెప్తారు, మీరు తగ్గించమంటున్నారు. ఏది పాటించాలి?

నాలుగోచిత్తు
చిత్తు వేగంగా, దిద్దుబాటు నెమ్మదిగా. రెండూ ఒకే కూర్చోవడంలో చేస్తేనే చెయ్యి పడిపోతుంది. సగంకథ గారు చెప్పింది మళ్లీ చదవండి: తెరవడం, మొదటి పేరా చదవడం, రెండు మాటలు మార్చడం, మూసెయ్యడం. అలా చేస్తే కథకి చివరి పేరా రాదు.

ఇలా చెయ్యండి. నిన్న ఆపిన చోట చివరి మూడు లైన్లు మాత్రమే చదవాలి. పైకి స్క్రోల్ చెయ్యకూడదు. చెయ్యి ఆగదనుకుంటే రోజుకో కొత్త ఫైలు తెరిచి తేదీ పేరు పెట్టుకుని, అన్నీ చివర్లో కలుపుకోండి. పాత్ర పేరు తట్టకపోతే చుక్కలు పెట్టి దాటెయ్యండి. తెలియని వివరం వస్తే "ఇక్కడ ఆస్పత్రి సంగతి చూడాలి" అని రాసి దాటెయ్యండి, వెతకడానికి వెళ్లారంటే ఆ రోజు పోయినట్టే. రోజుకి 200 పదాలు, వారానికి ఐదు రోజులు. రెండు వారాల్లో 2000 పదాల చిత్తు చేతిలో ఉంటుంది. ఆపేటప్పుడు పేరా ముగించి ఆపకుండా వాక్యం మధ్యలో ఆపండి, మర్నాడు ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కోనక్కర్లేదు.

నిశాచరి
200 ఏ మూలకి? ట్రోలప్ అనే ఇంగ్లీషు నవలాకారుడు గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకి 250 పదాలు రాసేవాడు. అదీ పోస్టాఫీసు ఉద్యోగం చేస్తూ.

ఎర్రసిరా
పొద్దున 5:30కల్లా బల్ల దగ్గర ఉండాలని, తనని లేపడానికి ఒక పనివాడికి ఏడాదికి అదనంగా 5 పౌండ్లు ఇచ్చేవాడు. అదీ చెప్పాలి మరి.

కాకిగీతలు
అయితే అసలు పట్టుదల ఆ పనివాడిది.

అరసున్న
పదాల లెక్క అందరికీ పడదు. ఒక రోజు తప్పితే మర్నాడు 400 అంటారు, అదీ తప్పితే 600, నాలుగో రోజుకి ఫైలు మొహం చూడరు. దానికన్నా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి 40 నిమిషాలు. ఫోన్ వేరే గదిలో. మాట వచ్చినా రాకపోయినా 40 నిమిషాలు లేవకూడదు. తప్పిపోయిన రోజుని మర్నాటికి కలపకూడదు, పోయింది పోయింది.

నాలుగోచిత్తు
అదీ పనిచేస్తుంది. ఏదో ఒకటి పెట్టుకోండి. రెండూ పెట్టుకుంటే రెండూ పోతాయి.

ఎర్రసిరా
ఇంతమంది ఇన్ని చెప్పారు, ఆవిడ ఏం రాశారో ఒక్కరూ చూడలేదు. సగంకథ గారూ, ఈమధ్య తిరిగొచ్చిన కథ మొదటి పేరా ఇక్కడ పెట్టండి. మొత్తం కథ పెట్టొద్దు.

సగంకథ
మొత్తం ఎందుకు వద్దు? ఎలాగూ ఎవరూ వేసుకోలేదు కదా.

ప్రూఫుల పంతులు
బ్లాగులో వచ్చినా, ఫేస్‌బుక్‌లో వచ్చినా, ఇలాంటి చోట వచ్చినా చాలా పత్రికలు, పోటీలు దాన్ని ప్రచురితమైనట్టే లెక్కేస్తాయి. హామీపత్రంలో మీరు సంతకం పెట్టేది దానికే: ఇది నా సొంత రచన, అనువాదమో అనుసరణో కాదు, ఎక్కడా ప్రచురితం కాలేదు, వేరేచోట పరిశీలనలో లేదు. పేరా పెడితే ఇబ్బంది లేదు.

సగంకథ
సరే, పెడుతున్నా. నవ్వొద్దు.

"తూర్పున భానుడు తన లేలేత కిరణాలతో జగతిని మేల్కొలుపుతున్నాడు. పక్షుల కిలకిలారావాలు వీనులవిందుగా వినిపిస్తున్నాయి. ఆ ప్రశాంత వాతావరణంలో కిటికీ పక్కన కూర్చున్న సుజాత మనసు మాత్రం అల్లకల్లోలంగా ఉంది. ఆమె ఆలోచనలు ఒక్కసారిగా గతంలోకి పరుగులు తీశాయి. చేతిలోని ఉత్తరాన్ని మరోసారి చూసుకుంది. అది తండ్రి చేతిరాత. కానీ తండ్రి పోయి ఏడాది దాటింది."

బుద్ధిమాలిన పాఠకుడు
భానుడు రాగానే నేను వెళ్లిపోయా. నిజం అడిగారని చెప్తున్నా.

సగంకథ
అంత ఘోరమా?

ఎర్రసిరా
ఘోరమేం కాదు. ఏడు వాక్యాలున్నాయి. మొదటి నాలుగూ ఎవరైనా రాయగలరు. చివరి మూడూ మీరే రాయగలరు.

భానుడు, కిలకిలారావాలు, వీనులవిందు మీ కథలోవి కావు. కథంటే ఇలా మొదలవ్వాలని ఎక్కడో మనసులో పడిపోయినవి. తీసేసి చదవండి, తరవాతి వాక్యం అర్థమవుతూనే ఉంది. అయితే అవి అక్కర్లేదు. మూడో వాక్యంలో "మనసు అల్లకల్లోలంగా ఉంది" అని మీరే చెప్పేశారు, ఇక పాఠకుడికి పనేముంది? ఉత్తరం చూపిస్తే ఆ అల్లకల్లోలం వాళ్లకే పుడుతుంది. నాలుగోది, "ఆలోచనలు గతంలోకి పరుగులు తీశాయి". వర్తమానంలో ఇంకా ఏమీ జరగలేదు, అప్పుడే గతమా? పైగా ఐదో వాక్యంలో సుజాత మళ్లీ ఇక్కడే ఉంది, ఉత్తరం చూసుకుంటోంది. అంటే ఆ పరుగు మీ కథకీ అక్కర్లేదు, అలవాటుగా కలంలోంచి జారింది.

ఇక చివరి మూడు. తండ్రి చేతిరాత, తండ్రి పోయి ఏడాది. అది చదివి పేజీ తిప్పని వాళ్లుండరు. కానీ అది ఏడో వాక్యంలో ఉంది. వడపోసే మనిషి మూడో వాక్యం దగ్గరే లేచిపోయాడు, ఇందాక మన పాఠకుడు లేచిపోయినట్టు. గమనించారా, ఆ మూడు వాక్యాల్లో ఒక్క విశేషణం లేదు. రాయడం రానివాళ్లు అలా రాయరు.

సగంకథ
ఆ మూడూ ఆలోచించకుండా రాసేసినవి. కిరణాల దగ్గరే ఎక్కువసేపు కూర్చున్నా.

కాకిగీతలు
కిరణాల కోసం కూర్చోనక్కర్లేదు చెల్లీ, అవి రోజూ వస్తాయి.

అరసున్న
ఎర్రసిరాతో ఒక్కచోట పేచీ. పోయిన మనిషి ఉత్తరం మొదటి వాక్యంలోనే పెట్టడమంటే పాఠకుడి దగ్గర అప్పు చెయ్యడం. అదెలా వచ్చిందో చెప్పేదాకా వాళ్లు ఇంకేదీ పట్టించుకోరు. ఇంతకీ ఎలా వచ్చింది?

సగంకథ
అది చివరి పేజీలో తెలుస్తుంది. పోయేముందు ఆయన రాసి భార్య చేతికిచ్చారు, సుజాత వాళ్లమ్మకి. ఆవిడ ఏడాది దాచి తరవాత పోస్టు చేశారు. అదే ట్విస్టు.

అరసున్న
మరి మధ్యలో పేజీలన్నీ?

సగంకథ
గతం. చిన్నతనం, తండ్రితో ముద్దుమురిపాలు, పెళ్లి దగ్గర గొడవ, మాటలు లేకపోవడం, ఆయన పోవడం.

అరసున్న
రోగం అక్కడుంది. ఉత్తరం ఎవరు పోస్టు చేశారో రెండో పేజీకే తెలిసిపోతుంది, ఆ ఇంట్లో మిగిలిందే ఒక్క మనిషి. పాఠకుడు ముందే ఊహించేసింది ఆఖర్న బయటపెడితే తుస్సుమంటుంది. మీ దగ్గర అంతకన్నా పెద్ద ప్రశ్నలున్నాయి. ఆవిడ ఏడాది ఎందుకు దాచింది? ఇప్పుడెందుకు పంపింది? కూతురొచ్చినప్పుడు చేతికివ్వకుండా పోస్టులో ఎందుకు వేసింది? వీటికి కథలో జవాబుందా?

సగంకథ
లేదు. అసలు అటు ఆలోచించలేదు.

నాలుగోచిత్తు
అయితే మీ కథ తిరిగి రాలేదు, ఇంకా రాయలేదు. దాని సామాను మాత్రం దగ్గరుంది.

ఒక దారి చెప్తా, నచ్చితే తీసుకోండి. పోస్టు చేసిందెవరన్నది దాచొద్దు. కవరు మీద చిరునామా తల్లి చేతిరాతలో, లోపల కాగితం తండ్రి చేతిరాతలో పెట్టండి. ఒక్క వివరంతో ఆ ముడి విడిపోతుంది, అరసున్న గారు చెప్పిన అప్పు రెండో వాక్యంలోనే తీరిపోతుంది. ఆ తరవాత కథంతా తల్లీ కూతుళ్ల మధ్య. 2000 పదాలనుకుంటే ఉత్తరం అందడానికి 150, సుజాత తల్లి దగ్గరికి వెళ్లడానికి 250, ఇద్దరూ ఒకే గదిలో ఉండి ఉత్తరం మాట ఎత్తకుండా మాట్లాడుకోవడానికి 1100, ఉత్తరంలో ఏముందో 300, ముగింపు 200. గతం అంతా ఆ 1100లోనే ముక్కలు ముక్కలుగా రావాలి. విడిగా చోటు ఇవ్వొద్దు.

నిశాచరి
ఉత్తరంలో ఏముందో చూపించాలా? చూపించకపోతేనే బరువు.

ఎర్రసిరా
కథంతా ఉత్తరం చుట్టూ తిప్పి, అందులో ఏముందో చెప్పకపోతే అది మోసం. చూపించాలి, కానీ "నన్ను క్షమించు తల్లీ" అని కన్నీళ్లు పెట్టించొద్దు. ఆయన తన బాధ రాయకుండా బీరువా తాళం ఎక్కడుందో, ఎవరికి ఎంత బాకీ ఉందో రాసి ఉంటే? అప్పుడు తల్లి ఎందుకు దాచిందన్నది ఇంకా పదునెక్కుతుంది.

నిశాచరి
బాకీల చిట్టా చదివి ఏడవాలా?

అరసున్న
చదివి చూడండి, ఏడుస్తారు.

ప్రూఫుల పంతులు
గతం గురించి ఇంకో మాట. తెలుగులో గతంలోకి వెళ్లడానికి "వెళ్లేవాడు, అనేవాడు" అని రెండు వాక్యాలు చాలు, ఆ తరవాత మామూలు "వెళ్లాడు, అన్నాడు"లోకి వచ్చెయ్యొచ్చు. పేజీ పొడవునా "-ఏవాడు" అని నడిపిస్తే చదివేవాళ్లకి ఊపిరాడదు. బయటికి రావడానికి "ఒక్కసారిగా ఈ లోకంలోకి వచ్చింది" అనక్కర్లేదు, ఎదురుగా ఉన్న మనిషి ఒక మాట అంటే చాలు. ఒక్కో ముక్క 100, 150 పదాలు దాటొద్దు.

సంభాషణల్లో ఎక్కువ పాడయ్యేది మాట పక్కన తోక: "అంది బాధగా", "అంది ఆవేదనతో కూడిన స్వరంతో". బాధ మాటలో ఉంటే తోక అక్కర్లేదు, మాటలో లేకపోతే తోక తగిలించినా రాదు. "అంది" చాలు. ఇద్దరే మాట్లాడుకుంటుంటే నాలుగు మాటలకోసారి అదీ చాలు.

సగంకథ
నా పాత్రలు "నీవు నన్ను అపార్థం చేసుకున్నావు" అని మాట్లాడుకుంటాయి. ఇప్పుడు చూస్తే భయమేస్తోంది.

కాకిగీతలు
వాళ్లు మంచి విద్యార్థులు, పుస్తకం బట్టీ కొట్టారు.

బుద్ధిమాలిన పాఠకుడు
పైకి చదవండి, అన్నీ దొరికిపోతాయి. మనసులో చదివితే కళ్లు దాటేస్తాయి. నోరు దాటదు.

నాలుగోచిత్తు
అది చివర్లో. ముందే పైకి చదివి వాక్యాలు చెక్కితే, తరవాత ఆ సన్నివేశమే తీసెయ్యాల్సొచ్చినప్పుడు చెక్కినదాన్ని వదల్లేక ఉంచేస్తారు. వరస ఇదీ. చిత్తు అయ్యాక రెండు వారాలు ముట్టుకోవద్దు. తరవాత ఒక కాగితం మీద ఒక్కో సన్నివేశానికి ఒక్క లైను: ఎవరికి ఏం కావాలి, సన్నివేశం అయ్యేసరికి ఏం మారింది. "ఏం మారింది" దగ్గర రాయడానికి ఏమీ లేకపోతే ఆ సన్నివేశం తీసెయ్యాలి, లేదా పక్కదానిలో కలిపెయ్యాలి. రెండో విడత సంభాషణలు. మూడో విడత పదో వంతు కోత, అంటే 2000లో 200 పదాలు పోవాలి. "-గా అనిపించింది", "-నట్టుగా ఉంది" ఉన్నవి వెతికితే సగం అక్కడే పోతాయి. నాలుగో విడత అప్పుడు పైకి చదవడం. నాలిక తడబడిన చోట పెన్సిల్ గీత పెట్టి ముందుకెళ్లండి, దిద్దడానికి ఆగొద్దు.

కొత్తపేజీ
ఇంత పని చేశాక కూడా తిరిగొస్తే?

అరసున్న
రావచ్చు. వస్తే ఇంకోచోటికి పంపాలి.

నిశాచరి
సగంకథ గారు మొదట్లో అడిగింది ఎవరూ పట్టించుకోలేదు. ఇంట్లోవాళ్లు బాగుందంటారు, ఎవరి మాట నమ్మాలి?

బుద్ధిమాలిన పాఠకుడు
"ఎలా ఉంది?" అని అడిగితే ఎవరైనా బాగుందనే అంటారు. ఎదురుగా మొహం పెట్టుకుని కూర్చుంటే ఇంకేమంటారు? కాగితం చేతికిచ్చి, విసుగొచ్చిన చోట అడ్డగీత, అర్థంకాని చోట ప్రశ్నార్థకం పెట్టమని చెప్పి అక్కణ్ణుంచి వెళ్లిపోండి. మర్నాడు మూడే ప్రశ్నలు: ఎక్కడ చదవడం ఆపారు? ఎవరు గుర్తున్నారు? కథ ఏంటో రెండు ముక్కల్లో చెప్పండి. మూడోదానికి వాళ్లిచ్చే జవాబు మీరు రాద్దామనుకున్న కథలా లేకపోతే, కాగితం మీద ఉన్నది వాళ్లు చెప్పినదే.

అరసున్న
ముగ్గురు చాలు. ముగ్గురూ ఒకేచోట గీత పెడితే అక్కడ ఏదో ఉంది. ఎలా దిద్దాలో వాళ్లు చెప్పేది మాత్రం నెత్తిన పెట్టుకోవద్దు, నొప్పి ఎక్కడో వాళ్లకి తెలుస్తుంది గానీ మందు తెలియదు. వాళ్లు గీత పెట్టిన పేరాలో తప్పు ఉండకపోవచ్చు కూడా. చాలాసార్లు అంతకు ముందు పేజీలో చెప్పాల్సింది చెప్పకపోవడం వల్ల అక్కడ విసుగొస్తుంది.

వివరణ మొదలుపెట్టొద్దు. "అక్కడ నా ఉద్దేశం ఏంటంటే" అని నోరు తెరిచారంటే ఆ పాఠకుడు మళ్లీ నిజం చెప్పడు.

సగంకథ
నేను చేసేది సరిగ్గా అదే. ఫైలు విరగడం గురించి పంతులుగారు అన్నారు, నావి అలా వెళ్లి ఉండొచ్చా?

ప్రూఫుల పంతులు
దేంట్లో టైపు చేస్తారు?

సగంకథ
కొన్ని పాత డీటీపీ ఫాంటులో, కొన్ని ఫోన్లో. పంపేటప్పుడు పీడీఎఫ్ చేసి పంపుతా, చూడ్డానికి అందంగా ఉంటుందని.

ప్రూఫుల పంతులు
రెండూ ఇబ్బందే. పాత డీటీపీ ఫాంటుల్లో తెలుగు అక్షరం నిజంగా తెలుగు అక్షరం కాదు, ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు ఆకారాలు కూర్చోబెట్టినవి. అదే ఫాంటు అవతల లేకపోతే తెరమీద పిచ్చి గీతలు కనిపిస్తాయి. ఏ కంప్యూటర్లో తెరిచినా తెలుగు అక్షరం తెలుగు అక్షరంగానే ఉండే పద్ధతి యూనికోడ్. అందులో తెలుగు 1991 నుంచీ ఉంది, అందులోనే టైపు చెయ్యండి. పాతవాటిని మార్చడానికి కన్వర్టర్లున్నాయి, కానీ మార్చాక వత్తులు, పొల్లులు, అంకెలు కళ్లతో చూసుకోవాలి, అక్కడే తేడాలొస్తాయి.

పీడీఎఫ్ చూడ్డానికి అందమే, కానీ అవతలివాళ్లు అందులోంచి తెలుగు కాపీ చేస్తే గుణింతాలు అటూ ఇటూ అయిపోతాయి. కథ నచ్చినా మళ్లీ టైపు చేయించాలి. వాళ్లు పీడీఎఫ్ అడిగితే తప్ప వర్డ్ ఫైలే పంపండి. ఫైలు పేరులో కథ పేరు, మీ పేరు ఉండాలి. "కథ ఫైనల్ కొత్తది 2" అని పంపొద్దు. మెయిల్లో నాలుగు లైన్లు చాలు: కథ పేరు, పదాల సంఖ్య, హామీ, మీ వివరాలు. కథ దేని గురించో వివరించొద్దు.

కాకిగీతలు
"కథ ఫైనల్ కొత్తది 2" అని పంపనివాళ్లు చెయ్యెత్తండి. ఎవరూ లేరు.

ఎర్రసిరా
పంపడానికీ ఒక లెక్క ఉండాలి. ఒక పట్టిక: కథ పేరు, పదాలు, ఎక్కడికి, ఏ తేదీన, జవాబు, తరవాత ఎక్కడికి. ఆ ఆఖరి గడి పంపేరోజే నింపెయ్యాలి. కథ తిరిగొచ్చిన రోజున మనసు బాగోదు, ఎక్కడికి పంపాలో ఆలోచించే ఓపిక ఉండదు. ముందే రాసి ఉంటే ఒకసారి మొదటి పేజీ చూసుకుని పంపెయ్యడమే. జవాబు రాకపోతే వాళ్లు చెప్పిన గడువు దాటాక ఒక్క మెయిల్, మర్యాదగా. దానికీ ఉలుకూ పలుకూ లేకపోతే "ఈ కథని పరిశీలన నుంచి వెనక్కి తీసుకుంటున్నాను" అని రాసి ఇంకోచోటికి. ఆ మాట రాయకుండా పంపితే రెండుచోట్లా అచ్చయి మీ పేరు పాడవుతుంది.

ఒకటి బయట తిరుగుతుంటే ఇంకోటి బల్ల మీద ఉండాలి. ఉన్నదొక్కటే కథ అయితే అది తిరిగొచ్చినప్పుడు మొత్తం మీరే తిరిగొచ్చినట్టు ఉంటుంది.

అరసున్న
ప్రతిసారీ తిరిగొచ్చింది కదా అని మళ్లీ మొత్తం తిరగరాయొద్దు కూడా. మూడుచోట్ల నుంచి వచ్చాక అప్పుడు తెరిచి చూడండి.

సగంకథ
కూర్చుని రాశా. ఇలా మొదలవుతోంది:

"కవరు మీద అమ్మ చేతిరాత. లోపల కాగితం మీద నాన్నది. నాన్న పోయి ఏడాది దాటింది. సుజాత మడత విప్పకుండానే అమ్మకి ఫోన్ చేసింది. 'అందిందా?' అంది అమ్మ."

ఎర్రసిరా
"అందిందా?" దగ్గర ఆవిడ మొత్తం కనిపిస్తోంది. ఎదురుచూస్తోంది, భయపడుతోంది, ఏమీ ఎరగనట్టు నటించట్లేదు. దాని పక్కన ఏమీ చేర్చొద్దు.

నిశాచరి
సుజాత అని పేరుంది, వెంటనే అమ్మ, నాన్న అంటున్నారు. ఎవరు చెప్తున్న కథ ఇది?

నాలుగోచిత్తు
అది తప్పు కాదు. సుజాత కళ్లలోంచి చూస్తున్నంతసేపూ అమ్మ, నాన్న అనొచ్చు. అయితే చివరిదాకా ఆవిడ కళ్లలోనే ఉండాలి. తల్లి మనసులో ఏమనుకుందో ఒక్క వాక్యం రాసినా అది విరిగిపోతుంది. ఎందుకు దాచిందన్నది మీరు తల్లి నోటితోనో చేతలతోనో రప్పించాల్సిందే.

బుద్ధిమాలిన పాఠకుడు
ఒక డౌటు. మడత విప్పకుండా లోపల నాన్న చేతిరాత అని ఎలా తెలిసింది?

సగంకథ
అయ్యో!

కాకిగీతలు
పేరుకే బుద్ధిమాలిన.

ప్రూఫుల పంతులు
సిరా వెనక్కి ఊరి కనిపించిందనొచ్చు.

అరసున్న
బాల్ పెన్నుతో రాస్తే ఊరదు పంతులుగారూ. గట్టిగా నొక్కి రాస్తే కాగితం వెనక వేలికి గరుగ్గా తగులుతుంది, అక్షరాల వంపు కూడా ఉబ్బెత్తుగా తెలుస్తుంది. అలా నొక్కి రాసే అలవాటు ఆయనకి ఉంటే చూడక్కర్లేదు, తడిమితే చాలు.

నాలుగోచిత్తు
ఇక ఇక్కడ చూపించడం ఆపండి. చివరిదాకా రాసేవరకూ ఎవరికీ చూపించొద్దు, మాక్కూడా. ఇంకో పదిమంది పది రకాలుగా చెప్తే మళ్లీ మొదటి పేరా దగ్గరికే వస్తారు.

సగంకథ
ఆయన నొక్కి రాసే మనిషే. వాడుకుంటా.